యోనస్ మేకస్ ఇంటికి వెళ్ళిన దారి

(ఫిల్మ్ క్లబ్బులో సినిమా ప్రదర్శన తర్వాత చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. సినిమా అయ్యాక కూడా లేవకుండా కూర్చున్నారు, చాలా సంతోషం. ఎనభై నిమిషాలకు పైగా నడిచే సినిమా ఇది. కథ లేదు, నటులు లేరు, కెమెరా ఒక్కచోట నిలవదు. మధ్యలో కొందరు కళ్ళు నులుముకోవడం చూశాను. ఆ కుదుపులకు కళ్ళు అలవాటు పడటానికి కాస్త సమయం పడుతుంది. రెండోసారి చూసినప్పుడు ఆ ఇబ్బంది అంతగా ఉండదు.

సినిమా పేరు 'రెమినిసెన్సెస్ ఆఫ్ ఎ జర్నీ టు లిథువేనియా'. 1972లో వచ్చింది. తీసింది యోనస్ మేకస్. లిథువేనియాలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డ మనిషి. తరతరాలకు దాచిపెట్టాల్సిన సినిమాల పట్టిక ఒకటి అమెరికాలో ఉంది, నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ అంటారు. 2006లో దీన్ని అందులో చేర్చారు.

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఊరొదిలి ఏళ్ళ తరబడి బయట బతికినవాడు తిరిగొచ్చినప్పుడు తన ఊరిని ఎంతవరకు చూడగలడు? చూశానని ఎంతవరకు చెప్పుకోగలడు? దానికో హద్దుంది. మేకస్ ఆ హద్దు ఎక్కడుందో తెలుసుకుని, దానికి లోబడే సినిమా తీశాడు. ఆ తునకలు, ఆ వణుకు, సగంలో తెగిపోయే షాట్లు అన్నీ అందులోంచి వచ్చినవే. ఇది వట్టి శైలి అనుకుని వదిలేస్తే సినిమా సగం మన చేతికి అందదు.

ముందు మనిషి గురించి కొంచెం చెప్పుకోవాలి.

మేకస్ 1922 డిసెంబరు 24న సెమెనిష్కియై అనే పల్లెలో పుట్టాడు. లిథువేనియాకు ఉత్తరాన, బిర్‌జయ్ పట్టణం దగ్గర. రైతు కుటుంబం, అన్నదమ్ములు, ఒక అక్కచెల్లెలు. చిన్నప్పటి నుంచే కవిత్వం రాసేవాడు. ఆ దేశంలో ఇవాళ్టికీ ఆయన్ను ముందు కవిగానే గుర్తుపెట్టుకుంటారు, సినిమా ఆ తర్వాతే. తన ఊరి పొలాల మీద, వానల మీద, పనిపాటల మీద రాసిన కవితలు 1948లో పుస్తకంగా వచ్చాయి. ఆ పుస్తకం వచ్చేనాటికి ఆయన ఊళ్ళో లేడు, దేశంలోనే లేడు.

ఎందుకు లేడో చెప్పుకోవాలంటే ఆ దేశానికి పట్టిన గతి చెప్పుకోవాలి. 1940లో సోవియట్ సైన్యం లిథువేనియాను ఆక్రమించింది. 1941 వేసవిలో జర్మన్లు వచ్చారు. 1944లో మళ్ళీ సోవియట్లు. నాలుగేళ్ళలో ముగ్గురు యజమానులు మారారు. జర్మన్ల కాలంలో మేకస్ రహస్య వార్తాపత్రం పనిలో ఉన్నాడు. ఆ పత్రానికి వాడే టైపురైటరును దాచిపెట్టాడు. అది కాస్తా దొంగతనానికి పోయింది. అక్షరాల అచ్చును బట్టి ఎవరి మిషనో జర్మన్లు పట్టేస్తారన్న భయం పట్టుకుంది. అప్పుడు మేనమామ కలగజేసుకున్నాడు. ఆయన పాస్టరు, ప్రొటెస్టెంటు చర్చిలో. చదువుకున్నవాడు, లోకం తెలిసినవాడు. వియన్నా విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వెళ్తున్నట్టు కాగితాలు సిద్ధం చేయించి, పడమటికి వెళ్ళండి, లోకం చూడండి, తర్వాత తిరిగి రండి అని పంపాడు. యోనస్‌కు అప్పుడు 21 ఏళ్ళు. తమ్ముడు అడోల్ఫస్ ఇంకా చిన్న. 1944 జూలైలో ఇద్దరూ రైలెక్కారు.

ఆ రైలు వియన్నా చేరలేదు. జర్మన్లు ఆపి, హాంబర్గ్ దగ్గరి ఎల్మ్స్‌హోర్న్ అనే ఊళ్ళో వెట్టిచాకిరి శిబిరానికి తోలారు. అక్కడ ఎనిమిది నెలలు ఫ్యాక్టరీ పని. యుద్ధం అయ్యాక ఇల్లు లేనివాళ్ళ కోసం పెట్టిన శిబిరాలు, ఒకదాని తర్వాత ఒకటి. వీస్‌బాడెన్, కాసెల్. మధ్యలో మైన్జ్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం పాఠాలు. 1949 అక్టోబరు 29న శరణార్థుల ఓడలో న్యూయార్క్ రేవులో దిగారు. వాళ్ళకు చికాగోలో ఒక బేకరీలో పని ఖాయం చేసి పంపారు. న్యూయార్క్ చూశాక ఇద్దరూ చికాగో మానేశారు. బ్రూక్లిన్‌లో లిథువేనియా వాళ్ళు ఉండే పేటలో గది తీసుకున్నారు. కొద్దిరోజుల్లోనే అప్పుచేసి బోలెక్స్ కెమెరా కొన్నారు. తిండికే తడుముకునే రోజుల్లో కెమెరా కొనడం గురించి కాసేపు ఆలోచించండి. భాష రాదు, అంటే కవిత్వం మూగబోయింది. చెప్పుకోవాల్సింది మాత్రం గొంతుదాకా ఉంది.

ఆ తర్వాతి ఇరవయ్యేళ్ళలో ఆయన చేసిన పనులు వేరే ప్రసంగానికి సరిపోతాయి. 'ఫిల్మ్ కల్చర్' పత్రిక పెట్టాడు. 'విలేజ్ వాయిస్' పత్రికలో 1958 నుంచి సినిమా శీర్షిక రాశాడు. 1962లో స్వతంత్రంగా సినిమా తీసేవాళ్ళ కోసం సహకార సంఘం, 1970లో అలాంటి సినిమాలను దాచి, ప్రదర్శించే ఆంథాలజీ ఫిల్మ్ ఆర్కైవ్స్. అమెరికాలో డబ్బు కోసం కాకుండా సినిమా తీసినవాళ్ళలో ఆయన చేయి పట్టుకోనివాళ్ళు తక్కువ. నాకు ఆయన మీద గౌరవం మొదట అక్కడే మొదలైంది. కానీ ఇవాళ మనకు కావలసింది ఇంటికి వెళ్ళిన యోనస్.

సినిమా మూడు భాగాలు. మొదటిది 1950ల తొలి ఏళ్ళలో బ్రూక్లిన్‌లో తీసుకున్నది. శరణార్థుల పిక్నిక్కులు, పెళ్ళిళ్ళు, మంచులో నడకలు. కోట్లు వేసుకుని నిలబడ్డ ఆ ముఖాలు చూశారుగా. పార్కులో ఉన్నారు, పాటలు పాడుతున్నారు, కానీ ఎవరూ అక్కడ లేరు. మొదట్లోనే ఆయన గొంతు ఒక మాట చెబుతుంది: న్యూయార్క్‌కు ఉత్తరాన ఉన్న క్యాట్‌స్కిల్ కొండల అడవుల్లో నడుస్తుంటే, పదేళ్ళుగా మొదటిసారి యుద్ధం, ఆకలి, బ్రూక్లిన్ ఏవీ గుర్తురాలేదట. అమెరికాలో ఒంటరిగా లేనని అనిపించిందట. సినిమా ఊరికి వెళ్ళడం గురించి, మొదలైంది మాత్రం ఊరిని మరచిపోయిన క్షణంతో. ఆ వరుస నాకు చాలా ఇష్టం. ఊరి మీద బెంగ ఉన్న మనిషికి, బెంగ కొంచెంసేపు వదిలిన రోజు కూడా జీవితంలో పెద్ద రోజే.

రెండోది ఊరు. 1971 ఆగస్టు.

27 ఏళ్ళు ఎందుకు వెళ్ళలేదని మీలో ఎవరైనా అనుకుని ఉంటారు. వెళ్ళే వీలు లేదు. స్టాలిన్ కాలంలో దేశం వదిలిపోయినవాడు తిరిగొస్తే సైబీరియాకే. ఉత్తరాలు రాస్తే ఇంట్లో వాళ్ళకు ముప్పు. కొడుకులు వెళ్ళిపోయాక పోలీసులు రాత్రుళ్ళు ఇంటి చుట్టూ పొదల్లో మాటువేసి ఉండేవారని, కొడుకు చీకట్లో ఇంటికొస్తాడేమో, పట్టుకుందామని కాచుకునేవారని అమ్మ స్వయంగా చెబుతుంది. ఏ తల్లికైనా ఇంటి గుమ్మం వైపు చూసినప్పుడల్లా రెండు కోరికలు ఒకేసారి కలగడం ఎంత నరకమో: రావాలి, రాకూడదు. ఆయన వెళ్ళేటప్పటికి తండ్రి లేడు. అమ్మకు ఎనభై దాటాయి.

ఇప్పుడు కెమెరా సంగతి చెప్పాలి, దీని గురించి తెలియకుండా ఆ షాట్లు అర్థం కావు. బోలెక్స్ అంటే 16 మిల్లీమీటర్ల చేతి కెమెరా. స్విట్జర్లాండ్‌లో పైయార్ కంపెనీ తయారు చేసేది. దాన్ని మొదట రూపొందించిన బోగోపోల్స్కీ కూడా కీవ్‌లో పుట్టి స్విట్జర్లాండ్ చేరినవాడే. ఈ కెమెరాకు బ్యాటరీ అక్కర్లేదు. పక్కనున్న పిడిని గోడ గడియారానికి ఇచ్చినట్టు తిప్పి తాళం ఇవ్వాలి. ఒక్కసారి పూర్తిగా తిప్పితే ఇరవై ఎనిమిది సెకన్లు నడుస్తుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. మళ్ళీ తిప్పాలి. వంద అడుగుల రీలు వేస్తే మామూలు వేగంతో రెండు ముప్పావు నిమిషాలు, అంతే. కావాలంటే మీట నొక్కి ఒక్కొక్క ఫ్రేమే తీయవచ్చు. మేకస్ వేళ్ళు ఆ మీట మీదే ఉంటాయి: టక్, టక్టక్, టక్. ఒక పువ్వుకు మూడు ఫ్రేములు, ఒక ముఖానికి పది, మధ్యలో ఆకాశానికి రెండు. నేను ఆ కెమెరా చేత్తో పట్టుకుని నడిపాను. అది వేలితో రాయడం లాంటి పని, కంటికి దగ్గరగా పెట్టుకుంటే లోపలి స్ప్రింగు విప్పుకుంటున్న చప్పుడు దవడ ఎముకకు తెలుస్తుంది.

అందులోనూ లిథువేనియాకు తీసుకెళ్ళిన బోలెక్స్ సరిగ్గా పనిచేయలేదు. సెకనుకు 24 ఫ్రేముల మీద పెడితే వేగం తనంతట తానే పెరిగేది, తగ్గేది. వేగం మారితే ఫిల్ముపై పడే వెలుగు మారుతుంది. అందుకే ఒకే షాట్‌లో మనుషులు ఒక్కసారి తెల్లబడి మళ్ళీ మసకబారుతుంటారు. బాగుచేయించే వీలు ఆ పల్లెలో ఎక్కడిది? ఈ సినిమా మీద 1972లో చేసిన ప్రసంగంలో ఈ సంగతి ఆయనే చెప్పాడు. ఆ లోపాన్నే పనిముట్టుగా వాడుకున్నాడు. అమ్మను ఇన్నేళ్ళకు చూస్తున్నవాడి చేతికి కుదురైన కెమెరా ఉంటే ఏమయ్యేదోనని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. నాకు మాత్రం ఈ చెడ్డ కెమెరాయే నిజం చెప్పిందనిపిస్తుంది.

రెండో భాగంలో తెర మీద అంకెలు వస్తుంటాయి, గమనించారా? ఒకటి, రెండు, మూడు అని వరుసగా. ఆ భాగానికి ఆయన పెట్టుకున్న పేరు 'లిథువేనియా నుంచి వంద చూపులు'. ఊరి చరిత్ర చెబుతానని అనలేదు, ఊరిని చూపిస్తానని కూడా అనలేదు. వంద చూపులు. లెక్కపెట్టి ఇచ్చాడు.

ఆ చూపుల్లో అన్నిటికంటే ఎక్కువసేపు నిలిచేది అమ్మ వంట. ఇంట్లో వంటగది ఉంది. కానీ ఎండాకాలం, లోపల ఉక్కపోత. అమ్మ బయటే పొయ్యి వెలిగిస్తుంది. నేల మీద పుల్లలు, వాటి మీద పెనం. బంగాళాదుంపలు తురిమి పిండి కలిపి అట్లు పోస్తోంది. పొగ కళ్ళలోకి పోతోంది, తల పక్కకు తిప్పుతుంది, చేయి మాత్రం పెనం మీదే ఉంది. మంట తగ్గితే వంగి పుల్ల ఎగదోస్తుంది. ఎనభై దాటిన నడుము అది. కొడుకు చుట్టూ తిరుగుతూ మీట నొక్కుతున్నాడు. ఆమె కెమెరా వైపు చూడదు, చూసే తీరిక లేదు. ఇంటికి అంతమంది వచ్చారు, అందరికీ అట్లు కావాలి. అమెరికా నుంచి కొడుకు వచ్చాడని ఆమె ఏడుస్తూ కూర్చోలేదు, వంట చేస్తోంది. నేను ఈ ఘట్టం ఎప్పుడు చూసినా ఇదే అనుకుంటాను: ఇంత ప్రేమను మాటల్లో చెప్పించే దర్శకులు ఎందరో ఉన్నారు, పొయ్యి దగ్గర వదిలేసి ఊరుకున్నవాళ్ళు అరుదు.

బావి దగ్గర నీళ్ళు తాగడం ఇంకొకటి. చేద వేసి తోడుకుని తాగుతాడు. ఎక్కడెక్కడి మద్యాలూ ఆ నీళ్ళకు సాటిరావంటాడు. ఆ షాట్ పొట్టిది. అట్లంత సేపు లేదు.

అన్నదమ్ములు పాత పనిముట్లు బయటికి తీసి గడ్డి కోసి చూపిస్తారు. మన కొడవలి కాదది, నిలబడి రెండు చేతులతో ఊపి కోసే పొడవు కర్ర కొడవలి. అందరూ నవ్వుతూ ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని ఊపుతుంటారు. చాలామంది విమర్శకులు దీన్ని గతం మీద మమకారం అంటారు. నాకు కనిపించేది వేరు. ఆ పొలాలు వాళ్ళవి కావు ఇప్పుడు. సోవియట్లు భూములన్నీ కలిపి సమష్టి వ్యవసాయ క్షేత్రాలు చేశారు, కోల్‌ఖోజ్ అంటారు. రోజూ వాళ్ళు చేసే పని ట్రాక్టర్లతో, యంత్రాలతో. కెమెరాతో వచ్చిన తోబుట్టువు కోసం, అతను వదిలివెళ్ళిన రోజుల్లోని పనిని వాళ్ళు ఆడి చూపిస్తున్నారు. అతిథికి వడ్డించినట్టు చూపిస్తున్నారు. ఊళ్ళో మిగిలినవాళ్ళు ఊరొదిలినవాడి జ్ఞాపకాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో ఆ నవ్వుల్లో ఉంది.

ఇక్కడే మేకస్ ఒక మాట అంటాడు. సోవియట్ లిథువేనియాలో జనజీవనం ఎలా ఉందో మీకు తెలుసుకోవాలని ఉంటుంది, కానీ నాకేం తెలుసు అంటాడు. నేను చోటు తప్పినవాణ్ణి, ఇంటిని వెతుక్కుంటూ వచ్చాను, నాకు గుర్తుపట్టగలిగిన ఆనవాళ్ళేమైనా దొరుకుతాయేమోనని చూస్తున్నాను, నా లెక్కలో ఈ ఊరి కాలం నేను వెళ్ళినరోజునే ఆగింది, ఇప్పుడు మెల్లగా కదులుతోంది అంటాడు. మాట మాటకు ఇదే కాదు, నా తెలుగులో చెప్పాను. నేను మొదట్లో చెప్పిన హద్దు ఇదే. ఒక పెద్ద రాజ్యం తన ఊరిని ఎలా మార్చిందో ఈ మనిషి చెప్పి ఉంటే పశ్చిమ దేశాల పత్రికలు నెత్తిన పెట్టుకునేవి. పొగిడి ఉంటే మాస్కో నెత్తిన పెట్టుకునేది. ఆయన రెండూ చేయలేదు. వచ్చిపోయేవాడికి ఎంత తెలుస్తుందో అంతే తీసుకున్నాడు.

అయితే దీన్ని నేను పూర్తిగా మెచ్చుకుని వదిలేయలేను. మీకు ఈ సంగతి కూడా చెప్పాలి.

బిర్‌జయ్ పట్టణంలో యుద్ధానికి ముందు యూదులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1941 ఆగస్టులో, జర్మన్లు వచ్చిన కొద్ది వారాలకే, దాదాపు 2,400 మందిని ఊరి బయట అడవికి నడిపించుకుపోయి కాల్చి చంపారు. జర్మన్ల ఆజ్ఞ మీద, స్థానికుల చేతులతో కూడా. వాళ్ళలో పిల్లలు వందల్లో ఉన్నారు. మేకస్‌కు అప్పుడు 18 ఏళ్ళు, ఆ ప్రాంతంలోనే ఉన్నాడు. సరిగ్గా ముప్పై ఏళ్ళ తర్వాత ఆగస్టు నెలలోనే తీసిన ఈ సినిమాలో ఆ మాట లేదు. 2018లో మైకేల్ కాస్పర్ అనే చరిత్రకారుడు 'న్యూయార్క్ రివ్యూ ఆఫ్ బుక్స్'లో దీని మీద పెద్ద వ్యాసం రాశాడు. ఆక్రమణ కాలంలో మేకస్ పనిచేసిన పత్రికల్లో యూదుల మీద విషం కక్కిన రాతలు వచ్చేవని చూపించాడు. అలాంటి రాతలు మేకస్ రాశాడని ఆయన అనలేదు. కానీ ఆ కాలం గురించి మేకస్ చెప్పుకున్న తీరును నిలదీశాడు. దాని మీద తర్వాత గట్టిగా వాదాలు జరిగాయి.

నేనేమనుకుంటానంటే, తెలియనిదాని గురించి మాట్లాడను అనడం నిజాయితీ. తెలిసినదాని గురించి మాట్లాడకపోవడం వేరు. 1971 నాటి సోవియట్ జీవితం ఆయనకు తెలియదు, ఒప్పుకుంటాను. 1941 నాటి బిర్‌జయ్ తెలుసు. ఆ వంద చూపుల్లో ఒక్కటి ఆ అడవి వైపు తిరిగి ఉండాల్సింది. పాత స్నేహితుల్ని తలచుకుంటూ, శ్మశానాల్లో, జైళ్ళలో, శిబిరాల్లో చెల్లాచెదురైపోయారని ఆయన బాధపడతాడు. ఆ బాధ నిజమే. ఆ జాబితాలో తన పట్టణపు వీధుల్లో నిన్నటిదాకా దుకాణాలు నడిపిన వాళ్ళు కూడా ఉండాలి. సినిమా మీద నా ప్రేమ దీంతో తగ్గలేదు, కానీ ఇప్పుడు ఆ పచ్చని చెట్లను చూసినప్పుడు మునుపటి అంత తేలిగ్గా చూడలేను. మీరూ అలాగే చూడాలని కోరుకుంటున్నాను. ఊరు అంటే మన ఇల్లు, మన పెరడు, మన అమ్మ మాత్రమే అనుకునే జ్ఞాపకం ఎంత అందంగా ఉన్నా, అందులోంచి ఎవరు జారిపోయారో అడగాలి. ఇది లిథువేనియాకే కాదు, మన ఊళ్ళ గురించి రాసేవాళ్ళకూ, తీసేవాళ్ళకూ వర్తిస్తుంది. మన పల్లె జ్ఞాపకాల సినిమాల్లో మాలపల్లె, మాదిగగూడెం ఎంతసేపు కనిపిస్తాయో మీకు తెలుసు.

ఆ ప్రయాణంలో కెమెరా పట్టుకున్నది యోనస్ ఒక్కడే కాదు. తమ్ముడు అడోల్ఫస్ కూడా వెళ్ళాడు, భార్య పోలా షాపెల్‌తో. అడోల్ఫస్ 'గోయింగ్ హోమ్' అని తన సినిమా తాను తీశాడు. అదే ఇల్లు, అదే అమ్మ, అదే ఆగస్టు. దొరికితే అదీ చూడండి. ఒకే కడుపున పుట్టి, ఒకే రైలెక్కి, ఒకే శిబిరాల్లో నలిగి, ఒకేసారి ఇంటికి వెళ్ళిన ఇద్దరికి ఊరు ఒక్కలా కనబడలేదు.

మనవాళ్ళ సంగతికి వస్తాను. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్ళి రెండేళ్ళకో మూడేళ్ళకో సెలవు మీద వచ్చేవాళ్ళు, కోనసీమ నుంచి, కడప నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన తల్లులు, అమెరికా నుంచి సంక్రాంతికి దిగేవాళ్ళు, అందరి చేతుల్లోనూ ఇప్పుడు ఫోను ఉంది. ఊళ్ళోకి అడుగుపెట్టిన క్షణం నుంచి తీస్తూనే ఉంటారు. వాటిని చిన్నచూపు చూసేవాళ్ళంటే నాకు కోపం. గల్ఫ్‌లో ఒకే గదిలో పదిమందితో పడుకునే మనిషి, పడుకునేముందు ఫోనులో తన గుమ్మం ముందు ముగ్గును చూసుకుంటే, ఆ ముప్పై సెకన్ల వీడియో విలువ మేకస్‌కు బాగా తెలిసి ఉండేది. ఆయన తీసిందీ అదే కదా. తేడా ఎక్కడంటే, ఆయన తీసి ఊరుకోలేదు. న్యూయార్క్ తీసుకెళ్ళి కత్తిరించి, అంకెలు వేసి, మీద తన గొంతు పెట్టాడు. లిథువేనియా యాసతో ముక్కలు ముక్కలుగా పలికే ఇంగ్లీషు అది. అమ్మ కూడా నటించలేదు, ఆయన గొంతూ నటించలేదు. ఇక్కడ కూర్చున్న కుర్రాళ్ళలో ఎవరి దగ్గరైనా, నాన్న దుబాయి నుంచి వచ్చిన సెలవుల వీడియోలు పాత ఫోనులో ఉండి ఉంటే, చెరిపేయకండి. వరుసగా పెట్టి చూడండి. ఎవరు ఎక్కువసేపు కనిపిస్తున్నారు, ఎవరు అసలు కనబడటం లేదు, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

మూడో భాగం గురించి చెప్పి ఆపేస్తాను.

ఊరి నుంచి వెనక్కి వెళ్తూ మేకస్ ఎల్మ్స్‌హోర్న్ వెళ్తాడు. వెట్టిచాకిరి చేసిన చోటు. అక్కడ అలాంటి శిబిరం ఉండేదని ఎవరికీ గుర్తులేదు. గడ్డికే గుర్తుందంటాడు. ఊరి పిల్లలు ఈ కొత్తమనిషి వెంట పడి చూస్తుంటారు, పరుగెత్తుతారు. పరుగెత్తండి పిల్లలూ, నేనూ ఇక్కడ పరుగెత్తినవాణ్ణే, మీకు మాత్రం ప్రాణం కోసం పరుగెత్తే రోజు రాకూడదు అన్నట్టు మాట్లాడతాడు. అమ్మ ఉన్న ఊళ్ళో అంకెలు వేసుకుని జాగ్రత్తగా చూసిన మనిషి ఇక్కడ నేరుగా పిల్లలతో మాట్లాడతాడు. ఎల్మ్స్‌హోర్న్ ఆయనకు సొంతూరు కాదు, కాబట్టి ఇక్కడ ఆయనకు ఏ హద్దూ లేదు. శిబిరం గురించి తెలిసినవాడు ఆ వీధిలో ఆయన ఒక్కడే.

అక్కడి నుంచి వియన్నా. మీలో చాలామందికి ఈ భాగం ఎందుకుందో అర్థమై ఉండదు, చర్చి గ్రంథాలయాలు, స్నేహితులు, విందులు. పీటర్ కుబెల్కా, హెర్మన్ నిట్ష్, ఆనెట్ మికెల్సన్, కెన్ జేకబ్స్ కనిపిస్తారు, అందరూ సినిమా, కళల లోకపు మనుషులు. ఇది విహారయాత్ర కాదు. 1944 జూలైలో మేనమామ చేయించిన కాగితాల్లో గమ్యం ఏమని ఉంది? వియన్నా. రైలు అక్కడికి చేరలేదు. అమ్మను చూసి, శిబిరం నేలను చూసి, 27 ఏళ్ళు ఆలస్యంగా ఆయన ఆ ఊరు చేరాడు. సినిమా పేరులో లిథువేనియా ప్రయాణం అని ఉన్నా, దారి మొత్తం చూస్తే ఆ పాత టిక్కెట్టు మీది ప్రయాణం ఇప్పటికి పూర్తయింది. చేరేసరికి అక్కడ ఆయన కోసం చదువు లేదు, ప్రొఫెసర్లు లేరు. స్నేహితులున్నారు. క్రెమ్స్‌మున్‌స్టర్ మఠంలో కుబెల్కాతో తిరుగుతూ ఆయన ముఖంలో ఉన్న నెమ్మది రెండో భాగంలో ఎక్కడా లేదు. సొంత ఇంట్లో ఆయన అతిథి. ఇక్కడ కాదు.

చివర్లో మంటలు చూశారు. వియన్నాలో పాతకాలపు పండ్ల అంగడి తగలబడుతోంది. కొత్త అంగడి కట్టుకోవడానికి నగరమే తగలబెట్టించిందేమోనని కుబెల్కా అనుమానం. మేకస్ దాన్నీ తీశాడు. కథకు ముగింపుగా కల్పించింది కాదు, ఆ రాత్రి ఎదుట జరిగింది. ఏ ఊరూ ఎవరి కోసమూ ఆగి ఉండదని తెలిసిన మనిషి, కొత్తగా చేరిన ఊళ్ళో కూడా అదే చూశాడు.

రెండో భాగం మళ్ళీ వేయమని ఇద్దరు అడిగారు, ప్రొజెక్టరు దగ్గరున్న మిత్రుడు సిద్ధంగా ఉన్నాడు. ఈసారి కాగితం, పెన్ను పెట్టుకోండి. అంకె పడిన ప్రతిసారీ ఆ చూపులో ఎవరున్నారో, ఏం పని చేస్తున్నారో ఒక్క ముక్క రాసుకోండి. అది చూశాక ప్రశ్నలు తీసుకుందాం.